చెరువు నీటిలో చూపు ఎంత దూరం?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కాగజ్‌నగర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం డిసెంబరు 17న మనం కలుసుకున్నప్పుడు 1982లో సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలచుకోవడం ఆనవాయితీ. పెన్షను ప్రభుత్వం దయతో వేసే భిక్ష కాదు, చేసిన సేవకు ప్రతిగా దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి. నా ప్రసంగం చివర మళ్ళీ దీనితో పని పడుతుంది.

కార్యదర్శి గారు నన్ను డి.ఏ. బకాయిల గురించి గాని, రక్తపోటు గురించి గాని మాట్లాడమన్నారు. ఆ రెండింటికీ నాకన్నా సమర్థులు ఈ సభలో ఉన్నారు. ఒకటి లెక్కగట్టేవారు, ఒకటి అనుభవించేవారు! అందుచేత వేరే విషయానికి అనుమతి అడిగాను. చెరువుల్లో, ప్రాజెక్టుల్లో నీరు ఎంత తేటగా ఉంటుంది, ఆ నీటిలో మునిగే మనిషికి ఏమి కనిపిస్తుంది అన్నది నా విషయం. డెబ్బై అయిదు నడుస్తున్న రిటైర్డ్ గుమాస్తాకు ఇదేమి పిచ్చి అని మీరు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

దీనికి కారణం మా మనవడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న అండమాన్ వెళ్ళి స్కూబా డైవింగ్ చేసి వచ్చాడు. వీపు మీద గాలి సిలిండరు, ముక్కూ కళ్ళూ కప్పే అద్దం, కాళ్ళకు బాతుకాళ్ళ వంటి రబ్బరు తొడుగులు. ఫోటోలు చూపించాడు. నీలం అద్దంలోకి చూసినట్టు ఉంది సముద్రం. పది పన్నెండు గజాల దూరంలోని చేప పొలుసులు కూడా లెక్కపెట్టవచ్చు. సంక్రాంతికి ఇంటికి వచ్చి, "తాతా, అంత దూరం ఎందుకు? మన ఆడ ప్రాజెక్టులో డైవింగ్ చేయొచ్చు కదా!" అన్నాడు.

ఆడ దగ్గర పెద్దవాగు మీద కట్టిన కొమరం భీం ప్రాజెక్టు మీ అందరికీ తెలిసిందే. పది టి.ఎం.సి.లకు పైగా నీరు నిలిచే జలాశయం. గట్టు మీద నిలబడితే చూడముచ్చటగా ఉంటుంది. కాని వాడి మాట విన్నప్పుడు నా కళ్ళ ముందు ఆ ప్రాజెక్టు కనిపించలేదు. 1981 నాటి ఒక చెరువు కనిపించింది.

అప్పుడు నేను ఎల్.డి.సి.ని. మండలాలు ఇంకా రాలేదు, తాలూకాల కాలం. ఏ ఆఫీసులో ఉన్నానో, ఏ ఊరి చెరువో చెప్పను. ఆ కుటుంబం వాళ్ళు ఇంకా ఉన్నారు. తొలకరి పడ్డ నాలుగు రోజులకు బడి పిల్లవాడొకడు బర్రెను కడగడానికి చెరువులో దిగి మునిగిపోయాడు. గిర్దావరు సాబు వెంట కాగితాలు పట్టుకుని నేనూ వెళ్ళాను. పంచనామా రాయడం నా వంతు.

కట్ట మీద ఊరంతా ఉంది. తల్లిని నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని ఉన్నారు. గంగపుత్రుల పెద్దాయన ఒకరు, ఆయన తమ్ముడు, వెదకడానికి సిద్ధమవుతున్నారు. చెరువు నీళ్ళు ఇటుక పొడి కలిపినట్టు ఉన్నాయి. ఆ పెద్దాయన నీళ్ళ అంచున కూర్చుని అరచేయి చాపి మెల్లగా నీటిలోకి దించాడు. మణికట్టు మునిగింది. మోచేయి మునగకముందే చెయ్యి కనిపించకుండా పోయింది. లేచి గిర్దావరు సాబుతో, "మోచేతి మందం గూడ లేదు దొరా చూపు. ఇగ నీళ్ళల్ల కండ్లు పనిజెయ్యయి. చేతులే కండ్లు" అన్నాడు.

నడుముకు తాడు కట్టుకున్నాడు. తాడు రెండో కొస తమ్ముడి చేతిలో. ఒకసారి గుంజితే బాగున్నాను అని, రెండుసార్లు గుంజితే తాడు వదులు అని, ఆపకుండా గుంజితే పైకి లాగు అని వాళ్ళ లెక్క. వెదురు గడలు పాతి చెరువును మడులుగా విడదీసుకున్నారు. ఒక మడి అయిపోయేదాకా రెండో దానిలోకి పోలేదు. ఊపిరి బిగబట్టి మునగడం, అడుగున బురదలో రెండు చేతులతో తడవడం, పైకి రావడం. మొదటి రోజు పొద్దుగూకేదాకా ఇదే పని. రెండో రోజు మధ్యాహ్నం, పాత తుమ్మ మొద్దు కింద ఆయన చేతికి పిల్లవాడి చొక్కా తగిలింది.

ఆ సంగతి అక్కడ ఆపుతాను. ఆ అరచేతి కొలత దగ్గరకు వెళదాము. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో కొలతలు చూశాను. కచ్చా గొలుసు, అడుగుబద్ద, ఎకరం గుంట లెక్కలు. నీటి చూపును కొలవడం మాత్రం అదే మొదటిసారి. రిటైరైన తరువాత గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేస్తుంటే, ఇదే పనిని శాస్త్రజ్ఞులు కూడా దాదాపు ఇంత సులువుగానే చేస్తారని తెలిసింది.

ఇటలీలో ఆంజెలో సెక్కి అనే మతగురువు ఉండేవారు. ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడా. 1865లో పోపు గారి ఆవిరి ఓడ మీద మధ్యధరా సముద్రంలోకి వెళ్ళి, తెల్లని పళ్ళెం వంటి బిళ్ళను తాడు కట్టి నీటిలోకి దించారు. అది ఎంత లోతులో కంటికి కనబడకుండా పోయిందో చూసి ఆ లోతును రాసుకున్నారు. అంతే! ఈనాటికీ దానిని సెక్కి బిళ్ళ అంటారు. చెరువులకు వాడేది 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. తరువాత కాలంలో దానిని నాలుగు భాగాలు చేసి రెంటికి నలుపు, రెంటికి తెలుపు వేశారు. కరెంటు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. ప్రపంచంలో పెద్ద పెద్ద సరస్సుల ఆరోగ్యాన్ని ఈ బిళ్ళతోనే కొలుస్తున్నారు. అమెరికాలో టాహో అనే కొండల నడిమి సరస్సు ఉంది. 1968లో అందులో ఈ బిళ్ళ సగటున 102 అడుగుల లోతు దాకా కనిపించింది. ఇటీవలి సంవత్సరాలలో 60, 70 అడుగుల ప్రాంతంలో తచ్చాడుతున్నది. రోడ్ల మీది సన్న ధూళి కొట్టుకువచ్చి చేరడం, నాచు పెరగడం కారణాలు. అక్కడివారు ఏటేటా ఆ లెక్క ప్రకటించి బాధపడతారు. మన చెరువులో తొలకరినాడు మోచేతి మందం!

మరి మన నీళ్ళకు ఈ మసక ఎందుకు? ముఖ్యంగా మూడు కారణాలు.

మొదటిది మట్టి. మనది నల్లరేగడి, ఎర్రమట్టి కలిసిన ప్రాంతం. రేగడి రేణువు మహా సన్నం. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండే రేణువు కదలని నీటిలో కూడా రోజుకు సుమారు మూడు అంగుళాలు మాత్రమే కిందికి దిగుతుంది. గుమాస్తా లెక్క వేసి చూడండి. 15 అడుగులంటే 180 అంగుళాలు. అడుగుకు చేరడానికి రెండు నెలలు! ఈ లోపల గాలి కొడుతుంది, బర్రెలు దిగుతాయి, ఇంకో వాన పడుతుంది. లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. మన అమ్మమ్మలు కుండలో బురద నీళ్ళకు చిల్లగింజ అరగదీసేవారు. పటిక ముక్క తిప్పేవారు. రేణువులు ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. చిల్లగింజ రసం గాని పటిక గాని వాటిని గుంపుగా అతుక్కునేట్టు చేస్తుంది. గుంపు బరువెక్కి అడుగుకు చేరుతుంది. కుండకు సాధ్యమే, చెరువుకు చిల్లగింజ ఎక్కడి నుంచి తెస్తాము?

రెండవది పచ్చదనం. ఎండాకాలం నీరు తగ్గి వేడెక్కినప్పుడు, పొలాల ఎరువూ ఊరి మురుగూ వచ్చి కలిసినప్పుడు, కంటికి విడిగా కనబడని నాచు పెరిగి నీరు పచ్చని అంబలిలా తయారవుతుంది.

మూడవది అడవి ఆకు. టేకు ఆకు, ఇప్ప ఆకు రాలి నానిన నీరు చాయ్ డికాక్షను రంగుకు వస్తుంది. అందులో మట్టి లేకపోయినా వెలుగును మింగేస్తుంది.

ఈ మూడూ తక్కువగా ఉండేది దసరా దాటి చలి ముదిరిన తరువాత. మన చెరువులు కాస్త తేటగా కనిపించేది ఆ రెండు మూడు నెలలే.

ఇక స్కూబా వారి సంగతి. సముద్రం లోపల స్వేచ్ఛగా ఈదడానికి వీలైన గాలి యంత్రాన్ని 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు రూపొందించారు. పైన ఒక వాతావరణం బరువు మన మీద ఉంటుంది. నీటిలో సుమారు 33 అడుగులు దిగితే ఇంకొక వాతావరణం బరువు తోడవుతుంది. అక్కడ పీల్చే గాలి రెట్టింపు చిక్కన. కాబట్టి పైన గంట వచ్చే సిలిండరు 33 అడుగుల దగ్గర అరగంటే వస్తుంది. 66 అడుగుల దగ్గర ఇరవై నిమిషాలే. అదీ నిబ్బరంగా ఊపిరి పీలిస్తే. మనిషి కంగారు పడితే ఇంకా తొందరగా ఖర్చవుతుంది. మన పి.ఎఫ్. అడ్వాన్సు లాగన్నమాట!

కంగారు పుట్టేది ఎక్కడ? ఏమీ కనిపించనిచోట. తేట సముద్రంలో తోడు వచ్చినవాడు పది గజాల దూరంలో కనిపిస్తాడు. చేతి గడియారం కనిపిస్తుంది, గాలి ఎంత మిగిలిందో ముల్లు కనిపిస్తుంది. మన చెరువులో ఆ ముల్లు చూసుకోవాలంటే గడియారాన్ని కంటి అద్దానికి ఆనించుకోవాలి. చీకటిలో పైకి పోతున్నామో కిందికి పోతున్నామో తెలియదు. పైపెచ్చు అడుగున మెత్తని ఒండ్రు ఉంటుంది. కాలి తొడుగు ఒక్కసారి ఆడిస్తే పొగలాగ లేస్తుంది. పైన సెక్కి బిళ్ళ నాలుగు అడుగులు కనిపించినా, అడుగున చూపు సున్నా కావచ్చు.

జలాశయం అడుగున ఏమి ఉంటుందో కూడా తలచుకోండి. ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగినవి పొలాలు. పొలాలలో వ్యవసాయ బావులు, తుమ్మ చెట్లు, కంచె తీగలు ఉంటాయి. ఆపైన చేపల వలలు, తెగి కొట్టుకుపోయిన వలలు. కనబడని వల కాళ్ళకు చుట్టుకుంటే గజఈతగాడైనా ఒకటే, పసిబిడ్డ అయినా ఒకటే. తూము దగ్గర, షట్టర్ల దగ్గర నీరు లోపలికి గుంజుతుంది. పైకి ఏమీ తెలియదు. ఎండాకాలం పైన గోరువెచ్చగా ఉన్న నీరు కొంత లోతుకు పోగానే గభాలున చల్లబడుతుంది. ఊపిరి పట్టు తప్పుతుంది.

కాబట్టి మా మనవడికి చెప్పాను. "నాయనా, నువ్వు అండమాన్‌లో దిగింది వినోదం కోసం. ఇక్కడ అటువంటి నీళ్ళలో దిగేవాడు వినోదం కోసం దిగడు. ఇంకొకరి బిడ్డ కోసం దిగుతాడు."

పెద్ద నీళ్ళ సంగతీ ఇంతే. 1990 మార్చి 10న హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని తీసుకువెళుతున్న పంటు ఒరిగి విగ్రహం నీటిలో పడిపోయింది. మనుషులు చనిపోయారు. మీలో చాలామందికి ఆ రోజు పత్రికలు గుర్తుండే ఉంటాయి. ఆ సాగర్ లోతు ఎక్కువలో ఎక్కువ 32 అడుగులు. విగ్రహం పొడవు 58 అడుగులు. అంత పెద్ద ఏకశిల, అంత కొద్ది లోతులో, నగరం నడిబొడ్డున, రెండేళ్ళకు పైగా ఎవరి కంటికీ కనబడకుండా పడుకుని ఉంది. గోవా నుంచి నీటి అడుగున పని తెలిసినవారు వచ్చి తీయవలసి వచ్చింది. 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠ జరిగింది. మురికి నీరు ఎంత కప్పిపెట్టగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

2019 సెప్టెంబరు 15న తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగింది. అందులో మన తెలంగాణ వారూ ఉన్నారు. నౌకాదళం వారు వచ్చారు, ఎన్.డి.ఆర్.ఎఫ్. వారు వచ్చారు. నీరు ఎర్ర బురద. లోతు రెండు వందల అడుగులు దాటింది. వినోదానికి డైవింగ్ చేసేవారికి పెట్టిన హద్దే సుమారు 130 అడుగులు. అంత లోతున మామూలు గాలి పీలిస్తే మత్తు కమ్ముతుంది. గబగబా పైకి వస్తే రక్తంలో బుడగలు లేచి కీళ్ళు పట్టేస్తాయి, ప్రాణమే పోవచ్చు. ఆ పడవను అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం బయటికి లాగింది. లంగర్లు, ఇనుప తాళ్ళు, ఓపిక. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు తోడ్పడ్డారు. అంటే ముప్పై ఏడు రోజులు. నాకు ఆ వార్త చదివినప్పుడు మా చెరువు పెద్దాయన మాటే వినిపించింది. చేతులే కండ్లు.

మన దగ్గరకే వస్తే, అదే సంవత్సరం డిసెంబరు మొదట్లో చింతలమానేపల్లి మండలం గూడెం దగ్గర ప్రాణహితలో నాటు పడవ మునిగి ఇద్దరు అటవీ బీటు ఆఫీసర్లు ప్రాణాలు కోల్పోయారు. డ్యూటీలో ఉన్న ఉద్యోగులు. మన పెన్షను పుస్తకం దాకా రాలేకపోయిన సోదరులు. వారికి ఈ సభ తరఫున నమస్కరిస్తున్నాను.

ఇంతవరకు బురద నీటి గురించే చెప్పాను. తేట నీరు మంచిది అనుకుని ఇంటికి పోతారేమో, ఆ మాటా చెప్పాలి. వాడకం మానేసిన క్వారీ గుంతల్లో, బొగ్గు కోసం తవ్వి వదిలిన గుంతల్లో నీరు ఒక్కోసారి అద్దంలా ఉంటుంది. పిల్లలను పిలుస్తున్నట్టు ఉంటుంది. పైనుంచి చూస్తే నీటి లోతు ఉన్నదానిలో ముప్పాతిక వంతే కనిపిస్తుంది. వెలుగు నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగడం వల్ల ఇలా అవుతుంది. గ్లాసులో పెట్టిన చెంచా విరిగినట్టు కనిపించడం మీరు చూసే ఉంటారు. ఎనిమిది అడుగుల గుంత ఆరు అడుగులే అనిపిస్తుంది. "నా తల మునగదులే" అని దిగినవాడి తల మీద రెండు అడుగుల నీరు! బురద నీరు ఏమీ చెప్పదు. తేట నీరు అబద్ధం చెబుతుంది. రెండింటి దగ్గరా కర్రతో కొలిచిన తరువాతే కాలు పెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరమే జూలై 25ను మునక నివారణ దినంగా నిర్ణయించింది. మనకు బతుకమ్మ సాగనంపడం ఉంది, గణపతి నిమజ్జనం ఉంది, పుణ్యస్నానాలు ఉన్నాయి. ప్రతిదానికీ నీటి ఒడ్డుకే పోతాము. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు. వచ్చినవారు కూడా వట్టి చేతులతో దగ్గరకు పోవద్దు. మునిగేవాడు పట్టుకున్నాడంటే ఇద్దరూ పోతారు. ధోవతి విసరండి, చీర కొంగు విసరండి, వెదురు గడ చాపండి. అయిదు లీటర్ల నూనె డబ్బా ఖాళీది మూత బిగించి తాడు కట్టి విసిరితే మనిషి దానిని పట్టుకుని తేలుతాడు. ఇంట్లో ఆ డబ్బాను ఎలాగూ పారేస్తున్నాము. చెరువుకు పోయే రోజు ఒకటి చేతిలో పట్టుకుపోవడానికి బరువు కాదు.

ఇప్పుడు ఆ పంచనామా దగ్గరకు వస్తాను. ఇంత సేపూ దాని చుట్టే తిరిగాను.

ఆ రోజు నేను ఏమి రాశానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "శవము నీటి నుండి వెలికి తీయబడినది." మనకు ఆఫీసులో నేర్పిన భాష అది. తీయబడినది, పరిశీలించబడినది, సమర్పించబడినది. ఎవరిచేత తీయబడినది? ఆ వాక్యంలో జాగా లేదు. రెండు రోజులు ఊపిరి బిగబట్టి బురద తడిమిన ఇద్దరు మనుషులకు నా కాగితంలో ఒక్క అక్షరం దక్కలేదు.

తరువాత గిర్దావరు సాబు మంచి మనసుతో వాళ్ళిద్దరికీ రెండు రోజుల కూలి ఇప్పించమని కాగితం పెట్టారు. ఆ ఫైలు నా బల్ల మీదికే వచ్చింది. నేను నోటు రాశాను. "ఇట్టి ఖర్చునకు పద్దు లేనందున పరిశీలించుటకు వీలు లేదు." నిబంధన ప్రకారం సరిగ్గానే రాశాను. పైవాళ్ళు సంతకం చేశారు. ఫైలు మూసేశాము. ఇంకొక పద్దు వెదికి ఉండవచ్చు, ఊళ్ళో చందా వేయించి ఉండవచ్చు, కనీసం మెచ్చుకోలుగా ఒక కాగితం ఇప్పించి ఉండవచ్చు. నాకు తోచలేదు. ముప్పై ఏళ్ళ వయసులో నిబంధన చూపించడమే తెలివి అనుకునేవాడిని.

ఏడాది తరువాత సంతలో ఆ పెద్దాయన కనిపించాడు. నేను పలకరిస్తే తల పక్కకు తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు. "ఆ దినం ఎడమ చెవి టప్పుమన్నది సారూ. గప్పటి సంది ఇనస్తలేదు" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏడెనిమిది అడుగులు దిగితేనే నీటి బరువు చెవి పొరను లోపలికి నొక్కుతుందని, ముక్కు మూసుకుని గాలి ఊది దానిని సరిచేసుకుంటూ దిగాలని, లేకపోతే పొర చిరుగుతుందని పుస్తకంలో చదివినప్పుడు తెలిసింది. డబ్బు గురించి ఆయన అడగలేదు. పైగా ఆ పిల్లవాడి తల్లి ఎట్లా ఉన్నదని నన్ను అడిగాడు. నాకు తెలియదు. ఆయనకే తెలుసు. పండుగకు చేపలు ఇచ్చి వచ్చాడట.

మిత్రులారా, పెన్షను భిక్ష కాదు, చేసిన పనికి హక్కు అని మనం ఏటా చప్పట్లు కొడతాము. చెవి పోగొట్టుకున్న ఆ మనిషి పనికి అదే న్యాయం వర్తించదా? ఇప్పుడు రక్షణ దళాలు ఉన్నాయి, నీటి కింద చూసే కెమెరాలు, శబ్దంతో వెదికే యంత్రాలు ఉన్నాయి. వారు వచ్చేలోపల మొదటి గంటలో నీళ్ళలోకి దిగేది ఇప్పటికీ ఊరి ఈతగాడే.

అందుచేత మన సంఘానికి మూడు మనవులు చేస్తున్నాను.

మొదటిది. చుట్టుపక్కల ఊళ్ళలో మునిగి వెదకగల ఈతగాళ్ళ పేర్లు, ఊర్లు, ఫోను నంబర్లు ఒక రిజిస్టరులో రాసి మన కార్యాలయంలో ఉంచుదాము. ఒక నకలు పోలీసు వారికి, ఒకటి తహసీల్దారు గారికి ఇద్దాము. పెన్షనర్లకు చేతిరాత ఉంది, తీరిక ఉంది.

రెండవది. ఎవరైనా ఈతగాడు ఇటువంటి పనికి దిగినప్పుడు మన సంక్షేమ నిధి నుంచి ఆ రోజు కూలి, చెవి డాక్టరు ఖర్చు ఇద్దాము. దానికి ఒక పద్దు తెరుద్దాము. పద్దు లేదన్న నోటు రాసినవాడిని కాబట్టి, ఆ పద్దులో మొదటి జమగా ఈ నెల నా పెన్షను వేస్తున్నాను. కోశాధికారి గారు రసీదు ఇవ్వాలి సుమా!

మూడవది పిల్లలకు. పాత స్టీలు పళ్ళానికి తెల్ల రంగు వేసి, మధ్యలో చిల్లి పొడిచి, రాయి కట్టి, అడుగడుగుకూ ముడి వేసిన తాడుతో ఒక సెక్కి బిళ్ళ చేశాను. ఇదిగో, బల్ల మీద ఉంది. మొన్న మా ఇంటి దగ్గరి చెరువులో మత్తడి పక్కన గట్టు రాయి మీద కూర్చుని దించాము. రెండో ముడి దాటిన తరువాత కనబడలేదు. నెలకొకసారి ఒక పెద్దవారు వెంట ఉండి, గట్టు దిగకుండా, మధ్యాహ్నం పూట కొలిచి పుస్తకంలో రాయండి. ఏడాది తిరిగేసరికి మన చెరువు ఎప్పుడు తేటపడుతుందో, ఎప్పుడు చూపు మూసుకుంటుందో లెక్క తేలుతుంది. పిల్లలకు నీళ్ళంటే భయం కాదు, మర్యాద అబ్బుతుంది.

చివరగా ఒక్క మాట. ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కొడుకు నా పిలుపు మీద ఈ సభకు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. "మీ నాయన పేరు పత్రికలో వేయిస్తాను" అంటే, "పేపర్ల వద్దు సారూ, రిజిస్టర్ల ఉంటే సాలు" అన్నాడు. నిన్న రాత్రి రిజిస్టరు తెరిచి మొదటి వరుసలో ఆయన పేరు, తమ్ముడి పేరు రాశాను. ఎదురుగా, "1981లో చెరువులో రెండు రోజులు వెదికి పిల్లవాడిని వెలికి తీసినారు" అని రాశాను. ఈసారి "తీయబడినది" అని రాయలేదు.

సభ ముగిసిన తరువాత దయచేసి అందరూ ఆయన కొడుకును పలకరించి వెళ్ళవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.